ఇంకా రాని రోజు రాసిన ఫైలు

ఆ వారం చేయాల్సిన పనులు ఇవి.

అమ్మాయిలందరి ఫోన్లలో జాగా ఖాళీ చేయించాలి. పాటలు, పెళ్ళి వీడియోలు తీసెయ్యమంటే గొడవ చేస్తారు. అయినా తీయించాలి.

పాత కంపైలరు తీసేసి కొత్తది ఎక్కించాలి.

కబ్బో ఉన్న ఫోల్డరును మెమరీ కార్డులోంచి ఫోను లోపలికి మార్చాలి. కార్డు మీద ఉన్న ప్రోగ్రామును ఫోను నడవనివ్వదు.

బిల్డు సాగుతున్నంతసేపూ తెర ఆరిపోకుండా చూడాలి. తెర ఆరితే ఫోను ఆ పనిని మధ్యలోనే చంపేస్తుంది.

నబ్బోసా వాళ్ళింటి ముందు వేయడానికి గుడారాలు మాట్లాడాలి.

మసాకా పట్నం వెళ్ళి, చెట్టు బెరడును సాగగొట్టి చేసే బెరడుబట్ట తేవాలి. కొత్తది, ఎక్కడా చిరుగు లేనిది.

అరటిగెలలు ఎవరెవరు తెస్తున్నారో లుత్వామా పెద్దాయనను అడగాలి.

అన్నీ శనివారంలోపు.

ఫోన్ల పనీ గుడారాల పనీ ఒకే కాగితం మీద రాసుకోవడానికి కారణం ఉంది. రెండూ ఒకే మనిషి పనులు. కబ్బో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసింది నబ్బోసా ప్రొస్కోవియా. శనివారం జరగబోయేది ఆమె చావును ఇంట్లోంచి సాగనంపే కార్యం.

కబ్బో అంటే మా భాష లుగాండాలో చిన్న బుట్ట. మా ఊరు లుకాయాలో, మసాకా వెళ్ళే పెద్ద రోడ్డు పక్కన, పాల దుకాణం వెనక గదిలో నబ్బోసా, నేను కలిసి ఆడపిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పేవాళ్ళం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎవరికీ కంప్యూటరు లేదు. ఫోను మాత్రం అందరికీ ఉంది. ఇంగ్లీషు మాటలు చూసి పిల్లలు బెదురుతున్నారని నబ్బోసా తనే ఒక భాష అల్లింది. అందులో 'అయితే', 'కాకపోతే', 'మళ్ళీ' అన్నీ లుగాండా మాటలే. ఒక్కో ఫోనుది ఒక్కో రకం. ఒకరి ఫోనులో తయారైన కబ్బో ఇంకొకరి ఫోనులో నడవదు. అందుకని ఎవరి ఫోనులో వాళ్ళే మూలం నుంచి కంపైల్ చేసుకోవాలి, అంటే నబ్బోసా రాసినదాన్ని తమ ఫోను నడపగలిగేలా మార్చుకోవాలి; ఆ పనినే బిల్డు అంటాం. "ఎవరి బుట్ట వాళ్ళే అల్లుకోండే, అరువు బుట్టలో ఏం నిలుస్తుంది" అనేది నబ్బోసా.

నా పేరు క్యేయూనె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. చెప్పిన పనిని చెప్పినట్టు చేయడం తప్ప నాకు గొప్ప తెలివి ఏమీ లేదు. తెలివంతా నబ్బోసాది. వానలు వెనకబట్టే వేళ ఆమెకు జ్వరం వచ్చింది. ఆ జ్వరంలోనే పోయింది. పోవడానికి కొద్దిరోజుల ముందు తన కొత్త కబ్బోను నాకు పంపింది. "పాతది కొత్త ఫోన్ల మీద చతికిలబడుతోంది, ఇది పెట్టు" అంది. నేను దాన్ని అప్పుడు విప్పి చూడలేదు.

మనిషిని పాతిపెట్టినంత మాత్రాన మాలో చావు ఇంట్లోంచి వెళ్ళిపోదు. కార్యం రోజున వంశంలోంచి ఒకరిని పోయినవాళ్ళ చోట నిలబెట్టాలి. అప్పుడే అది గడప దాటుతుంది. అలా నిలబడిన మనిషి పోయినవాళ్ళ ఆస్తికి మాత్రమే వారసురాలు కాదు. ఆ పేరు, ఆ వరసలు, ఆ కుర్చీ అన్నీ ఆమెవి. అప్పటిదాకా పోయినవాళ్ళ వస్తువులను కదిలించకూడదు. కబ్బో సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు నబ్బోసా తల్లి నా చేయి పట్టుకుంది. ఆమెను మేమందరం జజ్జా, అంటే అవ్వ, అని పిలుస్తాం.

"నడుపుకో నాయనా, నా కూతురు సంతోషిస్తుంది. కానీ కార్యం అయ్యేదాకా అది రాసినదాంట్లో ఒక్క గీత కూడా మార్చకు."

"మార్చను జజ్జా" అని మాటిచ్చాను.

* * *

మంగళవారం పొద్దున బల్ల మీద ఫోన్లన్నీ వరుసగా పెట్టించి బిల్డు మొదలుపెట్టించాను. కంపైల్ చేసేటప్పుడు ఫోను కాలిపోతుంది. చెయ్యి వేస్తే జ్వరం వచ్చిన పిల్లల నుదురు ముట్టుకున్నట్టు ఉంటుంది. బయట పాపిరస్ రెల్లు పెరిగిన మడుగు మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు. రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకునే పోతున్నాయి.

మొదట నన్యోంజో ఫోను ఆగింది. ఆ పిల్ల నోరు ఊరికే ఉండదు.

"మాస్టారూ, నా ఫోను మొండికేసింది. పెళ్ళి వీడియోలు తీయించారుగా, అలిగింది."

"ఏమంటోంది?"

"మీరే చూడండి. టీచరు తిడుతున్నట్టే ఉంది."

చూశాను. కంపైలరు తప్పులన్నీ మామూలుగా ఇంగ్లీషులో వస్తాయి. నబ్బోసా వాటన్నిటినీ లుగాండాలోకి, తను మాట్లాడే పద్ధతిలోకి మార్చి పెట్టింది. సెమికోలన్ మరిచిపోతే "నోరు మూసుకోకుండా తింటావేంటే" అని వస్తుంది. తెర మీద తప్పు కనబడితే ఆమె భుజం మీంచి వంగి చూస్తున్నట్టే ఉండేది.

ఇప్పుడు నన్యోంజో తెర మీద ఉన్న మాట ఇది:

*ఈ ఫైలు రాసిన రోజు ఇంకా రాలేదు. ఆగు.*

పక్క ఫోను కూడా ఆగింది. దాని పక్కది కూడా. బల్ల పొడవునా ఒక్కొక్కటీ అదే వాక్యం దగ్గర నిలబడిపోయింది. అమ్మాయిలు నవ్వడం మానేశారు.

"ఎవర్ని ఆగమంటోంది మాస్టారూ?" అంది వెనక నుంచి ఎవరో.

"ఫోన్ని" అన్నాను.

అదేమంత తెలియని తప్పు కాదు. ప్రతి ఫైలు మీదా దాన్ని చివరిసారి ఎప్పుడు రాశారో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ ఫోను గడియారం కంటే ముందుంటే బిల్డుకు లెక్క తప్పుతుంది. ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకోలేదు. ఫోన్ల తేదీలు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు నబ్బోసా ఫైలు మీద తేదీ చూశాను.

అది రాబోయే శనివారం. పొద్దుటి వేళ.

మళ్ళీ చూశాను. సంవత్సరమూ ఇదే. లుత్వామా పెద్దాయన, మిగతా పెద్దలు కూర్చుని కార్యానికి శనివారం ఖాయం చేసింది ఆమెను పాతిపెట్టిన చాలా రోజులకు. ఈ ఫైలు నాకు వచ్చేనాటికి ఆమె బతికే ఉంది.

నేను ఆ తెర మూసేశాను. పిల్లలకు చెప్పలేదు. కంపైలరు తీసి మళ్ళీ ఎక్కించాను. ఫోల్డరు చెరిపి మొదటి నుంచి విప్పాను. ఒకదాంట్లో జాగా చాలలేదేమోనని ఇంకా ఖాళీ చేయించాను. ఏం చేసినా అదే వాక్యం. ఫైలు మీది తేదీని చెరిపేస్తే అంతా క్షణంలో సర్దుకుంటుందని నాకు తెలుసు. కానీ జజ్జాకు మాటిచ్చాను. తేదీ కూడా ఆమె రాసిన గీతే కదా.

* * *

సాయంత్రానికి కాస్త ముందు జజ్జా వచ్చింది, ఉడికించిన వేరుసెనగకాయల మూటతో. ఆమె కొంగు పట్టుకుని నలుమాన్సి వచ్చింది. నబ్బోసా తమ్ముడి కూతురు. చిన్నపిల్ల, గౌను కుచ్చుళ్ళు నోట్లో పెట్టుకుని నమిలే వయసు. వాళ్ళ వెనకే నకిగొజి వచ్చింది. ఈ అమ్మాయి నబ్బోసా పెద్దన్నయ్య కూతురు, మా క్లాసులోనే చదువుతోంది. పొడుగ్గా, గొంతు నబ్బోసా గొంతులాగే కాస్త బొంగురుగా ఉంటుంది.

"ఎక్కడే ఇంతసేపూ? బిల్డు అయిపోయింది, పెళ్ళి భోజనాలూ అయిపోయాయి" అంది నన్యోంజో.

"అబద్ధం. మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది, అవలేదని" అంటూ నకిగొజి తన ఫోను తీసి, నేను చెప్పినట్టే చేసి, బల్ల చివర పెట్టింది.

మేమందరం ఆ వాక్యం కోసం ఎదురుచూస్తున్నాం. అది రాలేదు. వరసలు తెర మీద పైకి పైకి పోతూనే ఉన్నాయి. ఎవరూ వేరుసెనగకాయలు ఒలవడం లేదు. చివరికి తెర ఖాళీ అయి, మధ్యలో రెండు మాటలు మిగిలాయి:

*అయింది. నువ్వెవరు?*

కబ్బో తయారవగానే పేరు అడుగుతుంది. పేరు రాస్తే పలకరిస్తుంది. పాత కబ్బో కూడా అడిగేది. నాకది తెలుసు, పిల్లలకూ తెలుసు. జజ్జాకు తెలియదు. కార్యం రోజున బెరడుబట్ట మీద నిలబడ్డ వారసురాలిని పెద్దలు అడిగేది కూడా ఇదే ప్రశ్న.

నన్యోంజో ఆ మాటల్ని పైకి చదివింది. జజ్జా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"చెప్పవే" అంది మనవరాలితో, చాలా మెల్లగా. "అది అడుగుతోందిగా. నువ్వెవరో చెప్పు."

నకిగొజి ఫోను వైపు చూసింది, జజ్జా వైపు చూసింది. ఏమీ రాయలేదు.

* * *

మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి నకిగొజి పాల దుకాణం అరుగు మీద ఉంది. మంచులో ఆమె ఎవరో ముందు పోల్చుకోలేకపోయాను. ఆ కూర్చునే తీరు నబ్బోసాదే.

"రాత్రే పెద్దాళ్ళు తేల్చేశారు మాస్టారూ. నేనేనట."

"నువ్వేమన్నావు?"

"నన్నెవరడిగారు? లుత్వామా తాత అన్నాడు, అందరి ఫోన్లూ ఆగిపోయి దీనిదొక్కటీ తెరుచుకుంది, ఇంకేం కావాలి అని." ఆమె చేతులు ఒళ్ళో బిగించుకుంది. "మసాకా దగ్గర నర్సింగ్ స్కూల్లో నాకు సీటొచ్చింది కదా. శనివారం ఆ పేరు నా మీద పడితే ఇక పోలేను. అత్త గది నాది, అత్త క్లాసు నాది, అత్త కుర్చీ నాది. జజ్జా అప్పుడే నన్ను పిలుస్తోంది."

"ఏమని?"

"అమ్మాయ్ అని. కూతుర్ని పిలిచినట్టు. భయమేంటో తెలుసా మాస్టారూ? నేను పలికాను. ఆలోచించకుండానే పలికేశాను."

నేను ఆమె ఫోను కోసం చేయి చాపాను.

"నా ఫోనులోనే ఎందుకయిందో కనుక్కోండి" అంది. "దానికేదో కారణం ఉంటుంది కదా. మీరే అంటారుగా, ప్రతి తప్పుకీ కారణం ఉంటుందని. శనివారంలోపు కనుక్కోండి. లేదంటే నకిగొజి అనే మనిషి ఉండదు."

గదిలోకి వెళ్ళి ఆమె ఫోను, రాత్రి నన్యోంజో బల్ల మీదే వదిలిపోయిన ఫోను పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకే రకం, ఒకే దుకాణంలో కొన్నవి. కంపైలరు ఒకటే. ఫోల్డరు ఒకటే. ఒక్కో వస్తువూ పోల్చుకుంటూ వచ్చాను. బిల్డు నడిచే టెర్మినల్ తెర మొత్తం ఆక్రమించి ఉంటుంది కాబట్టి పైన గడియారం కనబడదు. దాన్ని పక్కకు లాగినప్పుడు చూశాను.

"నకిగొజీ, నీ ఫోను వచ్చే సంవత్సరంలో ఉందేంటి?"

ఆమె సిగ్గుపడింది. "ఆట కోసం మాస్టారూ. ఆటలో ప్రాణాలు అయిపోతే కొత్తవి వచ్చేదాకా కాచుకోవాలి. తేదీ ముందుకు జరిపితే వెంటనే ఇస్తుంది. అందరూ చేస్తారు. వాట్సాప్ కావాలంటే మళ్ళీ వెనక్కి తిప్పుకుంటాం."

"నిన్న తిప్పలేదా?"

"డేటా లేదుగా, ఎందుకు తిప్పడం?"

నాకు అంతా తేటపడింది. ఆమె ఫోనుకు ఆ శనివారం ఎప్పుడో గడిచిపోయింది. అందుకే దానికి నబ్బోసా ఫైలు రాబోయే రోజుది కాదు, పాతది. తేదీ సరిచేసి బిల్డు మళ్ళీ పెట్టాం. ఆగింది. ఈలోపు వచ్చిన నన్యోంజోకు కూడా ఫైలు మీది తేదీ సంగతి చెప్పి, ఆమె ఫోను తేదీని ముందుకు జరిపాం. సాఫీగా అయిపోయి *నువ్వెవరు?* అని అడిగింది. నకిగొజి ఏడుస్తూ నవ్వింది.

"చూశావా నన్యోంజో? గడియారం! ఒట్టి గడియారం!"

"మరి టీచరు ఫోను శనివారానికి ఎందుకు పోయిందే?" అంది నన్యోంజో.

దానికీ నా దగ్గర జవాబుంది. నబ్బోసా ఫోను బ్యాటరీ పాడైంది. ఆరి వెలిగినప్పుడల్లా తేదీ మరిచిపోయేది. ఆమె చేత్తో ఏదో ఒకటి పెట్టుకునేది. అలా ఒకసారి రాబోయే రోజేదో పెట్టి ఉంటుంది.

"ఏదో ఒకటి అంటే, సరిగ్గా ఈ శనివారమేనా?" అని నన్యోంజో అడగలేదు. నేనే అనుకున్నాను.

* * *

శుక్రవారం ఎండ ఎక్కాక నేను, నకిగొజి, నన్యోంజో ముగ్గురం నబ్బోసా వాళ్ళింటికి వెళ్ళాం. గుడారాల కర్రలు పాతుతున్నారు. వరండాలో పెద్దలు చాపల మీద ఉన్నారు. జజ్జా గోడకు ఆనుకుని కూర్చుంది, నలుమాన్సి ఆమె ఒళ్ళో పడుకుంది. నబ్బోసా గది తలుపుకు తాళం ఉంది.

లుత్వామా పెద్దాయన నబ్బోసా తండ్రికి తమ్ముడు. ఒకప్పుడు చేపల లారీ నడిపినవాడు. ఎవరేం చెప్పినా తల ఒక పక్కకు వంచి పూర్తిగా వింటాడు. నేను చెప్పింది కూడా అలాగే విన్నాడు. ఫైలు మీది తేదీ సంగతి కూడా దాచకుండా చెప్పేశాను.

"ఆగాగు మాస్టారూ" అన్నాడు. "నబ్బోసా రాసిన దాని మీద రేపటి రోజు ఉందంటావు."

"అవును పెద్దయ్యా."

"ఆ రోజు మేం పెట్టకముందే."

"ఆమె ఫోను బ్యాటరీ పాడై—"

"ఉండవయ్యా. ఈ పిల్ల ఫోను ముందుకెళ్ళి నిలబడింది. నబ్బోసా ఫైలు కూడా ముందే వెళ్ళి నిలబడింది. ఇద్దరూ అక్కడ కలిశారు. ఇదేగా నువ్వు చెప్పేది?"

"అవును, కానీ అది—"

"మేం అనుకున్నది కూడా ఇదే కదయ్యా! నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి కాస్త విడమరిచి చెప్పావు."

చాపల మీద నవ్వులు లేచాయి.

"పెద్దయ్యా, ఒక్కసారి చూడండి" అన్నాను. "నకిగొజి మాత్రమే కాదు. ఏ ఫోనును ముందుకు జరిపినా అది తెరుచుకుంటుంది. నన్యోంజో మీ వంశం కూడా కాదు. ఆమె ఫోనులోనూ అయింది."

నన్యోంజో ఫోను తీసి జజ్జా చేతికిచ్చాను. తెర మీద అదే ప్రశ్న వెలుగుతోంది. జజ్జా దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమెకు చదవడం వచ్చు, నెమ్మదిగా.

"ఇది ఎవర్నైనా ఇలాగే అడుగుతుందా?"

"ఎవర్నైనా, జజ్జా."

"నాకు చెప్పొద్దా మరి, నాయనా! నేను నా బిడ్డ నకిగొజిని వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాను." ఆమె ఫోనును ఒళ్ళో పెట్టుకుని, చేత్తో మొహం తుడుచుకుంది. ఆమె మొహంలోంచి ఏదో దిగిపోవడం నేను చూశాను. "లుత్వామా, ఈ పిల్లను వదిలెయ్. నర్సు అవుతుందట, అవనీ. సూదులు పొడిచేవాళ్ళు కూడా కావాలిగా మనకి."

"వదిలేస్తే రేపు ఎవర్ని నిలబెడతాం వదినా? జనమంతా వస్తున్నారు."

అప్పుడే జజ్జా ఒళ్ళో పడుకున్న నలుమాన్సి లేచి కూర్చుంది. వెలుగుతున్న తెర చూసి చేయి పెట్టింది. పిల్లలు పెట్టినట్టే, రెండు వేళ్ళతో, టపటపా. నేను ఫోను తీసుకుందామని వంగాను. అప్పటికే తెర మారింది.

*నబ్బోసా, బాగున్నావా?*

బయట గుడారం కర్రకు మేకు కొడుతున్న చప్పుడు ఆగింది.

దానికి కారణం నాకు తెలుసు. మనం తరచూ రాసే మాటల్ని కీబోర్డు గుర్తుపెట్టుకుంటుంది, ముందుగానే చూపిస్తుంది. నన్యోంజో క్లాసు ఫోల్డర్లన్నిటికీ టీచరు పేరు రాసేది. పిల్ల వేలు ఆ మాట మీద పడి ఉంటుంది, ఇంకో వేలు ఎంటరు మీద. అంతే. నేను నోరు తెరిచాను.

"పెద్దయ్యా, ఇది కీబోర్డు వల్ల—"

లుత్వామా చేయి ఎత్తాడు. కోపంగా కాదు, మర్యాదగానే.

"మాస్టారూ, నువ్వు మంచివాడివి. నకిగొజి సంగతి వివరించావు, విన్నాం, వదిలేశాం. ఇక చాలు."

జజ్జా పిల్లను గుండెలకు అదుముకుని ఊగుతోంది. పిల్ల తెర మీద వెలుగుతున్న మాటను మళ్ళీ మళ్ళీ తడుతూనే ఉంది. నకిగొజి నా చొక్కా చేయి పట్టుకుంది. అది భయమో ఊరటో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

* * *

శనివారం మంచు మడుగులోంచి లేచి గుడారాల కిందికి వచ్చి కూర్చుంది. పొద్దుటి వేళ నలుమాన్సిని కొత్త బెరడుబట్ట కట్టి, చాప మీద నిలబెట్టారు. ఒక చేతికి చిన్న బుట్ట, ఇంకో చేతికి కూరలు తరిగే కత్తి ఇచ్చారు. కత్తిని మేనత్త వరస ఆవిడ వెనక నుంచి పట్టుకుంది. బట్ట పెద్దదై, అంచులు నేల మీద పరుచుకున్నాయి. పిల్ల మొహం, చేతులు మాత్రమే బయటికి కనబడుతున్నాయి.

క్లాసు అమ్మాయిలందరూ గుడారం చివరి వరసలో కూర్చున్నారు, ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని. ఫైలు మీది తేదీ రాగానే ఆ తప్పు దానంతటదే పోతుందని, కావాలంటే బిల్డును మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేలా పెట్టి వదిలెయ్యమని వాళ్ళకు నేనే చెప్పాను. అది నేను చెప్పిన మాటే. అయినా జరిగినప్పుడు నేను లేచి నిలబడ్డాను.

లుత్వామా గొంతెత్తి అడిగాడు: "నువ్వెవరు?"

వెనక వరసలో మొదటి ఫోను టింగుమంది. తర్వాత దాని పక్కది. తర్వాత ఇంకొకటి. ఒక చివర నుంచి రెండో చివరికి, వరసగా. ప్రతి తెర మీదా అదే ప్రశ్న. అమ్మాయిల్లో ఒక్కరూ తమ పేరు రాయలేదు.

పిల్ల జనాన్నంతా చూసింది. ఏడవలేదు. నోట్లోని బట్ట అంచు వదిలి, ఆవలించి చెప్పింది.

"నబ్బోసాని."

ఎవరు నేర్పారని తర్వాత చాలామందిని అడిగాను. మేనత్త నేర్పి ఉంటుందని జజ్జా అంది. జజ్జా నేర్పి ఉంటుందని మేనత్త అంది.

డప్పులు మోగాయి. చావు ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. నబ్బోసా గది తాళం తీశారు.

* * *

నకిగొజి నర్సింగ్ స్కూల్లో చేరింది. బాగా చదువుతోంది. ఇంటికి తక్కువగా వస్తుంది. కబ్బో ఇప్పుడు మా అమ్మాయిలందరి ఫోన్లలోనూ నడుస్తోంది. ఎక్కడా ఆగడం లేదు. నేను అందులో ఇంతవరకూ ఒక్క గీతా మార్చలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు.

చిన్నపిల్లను అందరూ ప్రేమగానే చూసుకుంటున్నారు. ఆమెకు ముందుగా వడ్డిస్తారు. జజ్జా 'అమ్మాయ్' అని పిలిచి పక్కన పడుకోబెట్టుకుంటుంది. ఆమె కన్నతండ్రి, నబ్బోసా తమ్ముడు, ఆచారం ప్రకారం కూతుర్ని 'అక్కా' అంటాడు. మొదట్లో అంటూ సిగ్గుపడి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడు. అలవాటైపోయింది. క్లాసుకు తెస్తే అమ్మాయిలు లేచి నిలబడి 'టీచర్' అంటారు. ఆమె వాళ్ళ భుజాల మీంచి వంగి తెరలు చూస్తుంది. అక్షరాలు రావు. చూస్తుంది, అంతే.

పోయిన వారం గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఎవరూ వినకుండా, "నలుమాన్సీ" అని పిలిచాను. ఆమె తిరగలేదు. దగ్గరికి వెళ్ళి కూర్చుని మళ్ళీ పిలిచాను. అప్పుడు నా వైపు చూసి, పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పినట్టు ఓపికగా చెప్పింది.

"నలుమాన్సి లేదు మాస్టారూ. ఆడుకోవడానికి పోయింది."

నబ్బోసాను గుర్తుపెట్టుకోవడానికి మేమందరం ఉన్నాం. మీరు ఈ కథ చదివారు కాబట్టి మిమ్మల్ని ఇంకొకరి గురించి అడుగుతున్నాను. గౌను కుచ్చుళ్ళు నమిలే ఒక చిన్నపిల్ల ఉండేది. ఆమె పేరు నలుమాన్సి. ఇక్కడ ఆ పేరు ఎవరూ పలకరు. మీరు గుర్తుపెట్టుకోండి.